ఒకే సీటు, పలు ధరలు: సిక్కోలు, విజయనగరం ప్రయాణికులు విమాన టికెట్టును ఎంచుకునే తీరు

పలాసలో జీడిపప్పు కొనడానికి వెళితే వ్యాపారి ముందుగా అడిగేది గ్రేడు. పౌను బరువుకు ఎన్ని పలుకులు తూగుతాయన్న లెక్క మీద 180, 210, 240, 320 అని గ్రేడ్లు కడతారు. పలుకు పెద్దదైతే సంఖ్య తగ్గుతుంది, ధర పెరుగుతుంది. అక్కడ ధరలో తేడా ఎందుకు వచ్చిందో పప్పును చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. విమానంలో అలా తెలియదు. విశాఖపట్నం నుంచి హైదరాబాదు వెళ్లే విమానంలో ఒకే వరుసలో పక్కపక్కన కూర్చున్న ముగ్గురు మూడు వేర్వేరు ధరలు చెల్లించి ఉండవచ్చు. సీటు ఒకటే, దిగే చోటు ఒకటే, పట్టే గంటంపావు ఒకటే. ఇక్కడ గ్రేడు వేసేది సీటుకు కాదు, ఆ సీటును ఏ షరతుల మీద, ఏ రోజున, ఏ కోటాలోంచి అమ్మారన్న దానికి.

హైదరాబాదులో కొలువులు చేస్తున్న పిల్లలు, సెలవు మీద ఇంటికి వచ్చే జవాన్లు, గల్ఫ్‌కు బయలుదేరే ఉద్దానం కుర్రాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఎన్ని రోజుల ముందు కొంటే చవక? ఈ ప్రశ్నకు అన్ని ప్రయాణాలకూ సరిపోయే జవాబు లేదు. ప్రయాణ తేదీ ఎంత గట్టిది, వెళ్లేవారు ఎంతమంది, వెంట సామాను ఎంత అన్న మూడు సంగతులు తేల్చుకుంటే ఏ టికెట్టు కొనాలో, ఎప్పుడు కొనాలో చాలావరకు తేలిపోతుంది. అందుకు ముందు కోటాలు నడిచే పద్ధతి కొంచెం తెలియాలి.

ధరల అరలు

ఎకానమీ, బిజినెస్ అనేవి కూర్చునే తరగతులు. వాటి లోపల అమ్మకం కోసం మళ్లీ చిన్న తరగతులు ఉంటాయి. వాటినే ఫేర్ క్లాసులంటారు. ఒక్కో క్లాసుకు ఒక ఇంగ్లీషు అక్షరం గుర్తు. చాలా సంస్థల్లో వై అంటే పూర్తి ధర చెల్లించిన ఎకానమీ, జె లేదా సి అంటే బిజినెస్. మిగిలిన అక్షరాల అర్థం సంస్థను బట్టి మారుతుంది కనుక ఒక సంస్థలోని క్యూను మరో సంస్థలోని క్యూతో పోల్చడం వృథా. శ్రీకాకుళంలో ట్రావెల్ ఏజెంటు తెర మీద వై9, బి9, ఎం4, క్యూ0 అని కనిపిస్తే, వై, బి క్లాసుల్లో తొమ్మిది లేదా అంతకన్నా ఎక్కువ సీట్లు అమ్మకానికి ఉన్నాయని, ఎంలో నాలుగు మిగిలాయని, క్యూ మూతపడిందని అర్థం. తొమ్మిది దాటిన సంఖ్యను ఆ తెర చూపదు.

లెక్క తేలికగా అర్థం కావడానికి ఒక విమానంలో 180 సీట్లు ఉన్నాయనుకుందాం. వాటిలో 20 సీట్లను రూ. 3,000కు, 30 సీట్లను రూ. 3,800కు, 40 సీట్లను రూ. 4,800కు, 50 సీట్లను రూ. 6,500కు, చివరి 40 సీట్లను రూ. 9,500కు అమ్మాలని సంస్థ అనుకుందనుకుందాం. ఇవి బీరువాలోని అరల వంటివి. అయితే ఈ అరల మధ్య గోడలు ఒకవైపే ఉంటాయి: పై ధర పెట్టేవాడికి కింది అరలోని సీటు కూడా ఇస్తారు, కింది ధర పెట్టేవాడికి పై అరలోని సీటు ఇవ్వరు. మొదటి రెండు అరలు అమ్ముడైపోగానే ధర రూ. 4,800కు చేరుతుంది. అప్పటికి విమానంలో 130 సీట్లు ఖాళీగానే ఉంటాయి. ‘విమానం సగం ఖాళీగా వెళ్లింది, అయినా నాకు అంత ధర వేశారు’ అని మనవాళ్లు వాపోవడం వెనుక ఉన్న సంగతి ఇదే. ఖాళీ సీటుకూ చవక సీటుకూ సంబంధం లేదు.

ఖాళీగా పంపడం కన్నా చవకగా అమ్మితే నాలుగు రాళ్లు వస్తాయి కదా అన్న సందేహం సహజం. దానికి సమాధానం 1972లోనే వచ్చింది. బ్రిటిష్ ఓవర్సీస్ ఎయిర్‌వేస్ కార్పొరేషన్‌లో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ చెప్పిన సూత్రం ఇప్పటికీ ఈ లెక్కలకు పునాది. ఒక సీటును ఈరోజు రూ. 4,000కు అమ్మవచ్చు, అట్టిపెడితే చివరి రోజుల్లో రూ. 9,000 పెట్టేవాడు రావచ్చు, రాకపోవచ్చు. అతను వచ్చే అవకాశం నూటికి 44 పాళ్లు దాటితే అట్టిపెట్టడమే లాభం, తగ్గితే ఇప్పుడే అమ్మడం లాభం. నాలుగును తొమ్మిదితో భాగిస్తే వచ్చేది అదే. పాత అమ్మకాల లెక్కలు చూసి ఈ అంచనాను కంప్యూటరు ప్రతి విమానానికీ మళ్లీ మళ్లీ వేస్తూ ఉంటుంది.

అరలు కట్టినంత మాత్రాన సరిపోదు. పై ధర పెట్టగలిగినవాడు కింది అరలోకి దూరకుండా చూడాలి. 1985 జనవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన పోటీదారు పీపుల్ ఎక్స్‌ప్రెస్‌తో సమానంగా ధరలు తగ్గించినప్పుడు, ముందుగా కొనాలని, రద్దు చేసుకుంటే డబ్బు పోతుందని షరతులు పెట్టి, ఆ ధరకు కొన్ని సీట్లే కేటాయించింది. పని మీద వెళ్లేవాడికి తేదీ ముందుగా తెలియదు కనుక అతను ఆ షరతులకు లొంగడు. ఇప్పుడు మనం చూసే ‘తిరిగి చెల్లింపు లేదు’, ‘మార్పుకు రుసుము’ వంటి మాటలన్నీ ఆ కంచెకు కట్టిన కర్రలే.

మన దేశంలో 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయ్యాక ధరలు నిర్ణయించుకునే పని సంస్థల చేతికే వచ్చింది. కోవిడ్ కాలంలో 2020 మే నుంచి 2022 ఆగస్టు చివరి వరకు ప్రభుత్వం దేశీయ ధరలకు కింద, పైన హద్దులు పెట్టింది కాని అది అసాధారణ కాలపు ఏర్పాటు. 2014 నుంచి 2018 వరకు విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు, 2024 జూన్ నుంచి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన శాఖ చేపట్టారు. మంత్రి మనవాడే అయినా టికెట్టు ధర ఆ శాఖ కార్యాలయంలో తేలేది కాదు, పైన చెప్పిన అరల్లో తేలేది.

రైలు లెక్కతో పోలిక

ఈ పద్ధతి మనకు పూర్తిగా కొత్తది కాదు. 2016 సెప్టెంబరు నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ఫ్లెక్సీ ధర వచ్చింది. విశాఖ నుంచి సికింద్రాబాదు దురంతో ఎక్కేవారికి అది అనుభవమే: ప్రతి పది శాతం బెర్తులు అమ్ముడైనకొద్దీ మూల ధర పది శాతం చొప్పున పెరుగుతూ ఒక హద్దు దగ్గర ఆగుతుంది. తేడా ఎక్కడంటే, రైలులో ఆ మెట్లు అందరికీ తెలుసు, ఎక్కడమే తప్ప దిగడం దాదాపు ఉండదు. విమానంలో మెట్లు బయటికి కనబడవు. పైగా అనుకున్నంత అమ్మకం లేకపోతే మూసిన చవక అరను మళ్లీ తెరుస్తారు. అందుకే నెల ముందు రూ. 5,500 ఉన్న టికెట్టు ఇరవై రోజుల ముందు రూ. 4,600కు దిగడం అసాధ్యమేమీ కాదు.

ఇక ఒకే పేజీని పదిసార్లు చూస్తే మనల్ని గుర్తుపట్టి ధర పెంచుతారన్న మాట బాగా వ్యాపించింది. నా దృష్టిలో ఇది సత్యం కన్నా అపోహకే దగ్గర. చవక అరలో మిగిలిన రెండు సీట్లను ఎవరో ఎంచుకుని డబ్బు చెల్లించే పనిలో ఉంటే అవి కొన్ని నిమిషాలు మనకు కనబడవు. ఆ వ్యక్తి మానుకుంటే తిరిగి వస్తాయి. ధర అటూ ఇటూ ఊగడానికి ఈ కారణం చాలు. ఫోను మార్చి, బ్రౌజరు మార్చి చూసే శ్రమను పక్క రోజు విమానాన్ని చూడటానికి వెచ్చిస్తే ఎక్కువ ఫలం.

ముందుగా కొనాలా, ఆగాలా

పండుగ ప్రయాణానికి ఆగడం దండగ. సంక్రాంతి ముందు వారం హైదరాబాదు, బెంగళూరు నుంచి విశాఖకు వచ్చే విమానాల్లో గిరాకీ ఎలా ఉంటుందో కంప్యూటరుకు ఏళ్ల తరబడి తెలుసు కనుక, అమ్మకాలు మొదలుపెట్టిన రోజునే కింది అరల్లో సీట్లు తక్కువగా పెడుతుంది. దసరా తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి సిరిమానోత్సవానికి ఊరికి రావాలనుకునేవారు దసరా సెలవుల రద్దీని కూడా కలిపి లెక్క వేసుకోవాలి. కాని ఇదంతా ఒక దిక్కున మాత్రమే. భోగికి ముందు రెండు రోజులు విశాఖ నుంచి హైదరాబాదు వెళ్లే విమానాలకు గిరాకీ తక్కువ. పండుగ వెళ్లాక ఆదివారం ఆ లెక్క తిరగబడుతుంది. అమ్మానాన్నలను హైదరాబాదు పిలిపించుకుని పండుగ చేసుకునేవారికి ఈ ఎదురుదిక్కు ప్రయాణం బాగా కలిసివస్తుంది. మా ఇంట్లో రెండేళ్లు అలాగే చేశాం. మూడో ఏడాది మా నాన్న పొలం వదిలి రానని భీష్మించుకున్నారు, అది వేరే కథ.

పండుగ కాని మామూలు వారాల్లో, రోజుకు అనేక విమానాలు తిరిగే హైదరాబాదు దారిలో నెలల ముందు కొనడం వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. చివరి రెండు వారాలు దగ్గరపడకముందే కొంటే చాలని నా అభిప్రాయం. రోజుకు ఒకటో రెండో విమానాలుండే ఊళ్లకు మాత్రం ముందే కొనాలి. చిన్న విమానమైతే మరీ. ఎయిర్‌బస్ ఎ320లో 180కి అటూ ఇటూ సీట్లుంటే ఏటీఆర్ 72లో 70 నుంచి 78 వరకే ఉంటాయి. అందులో చవక అరలోని సీట్లు ఒక పెళ్లి బృందం కొంటేనే ఖాళీ అయిపోతాయి.

ఒకే బుకింగా, విడగొట్టాలా

కుటుంబంతో వెళ్లేవారు తెలియక డబ్బు పోగొట్టుకునే చోటు ఇదే. నలుగురికి కలిపి వెతికితే, నలుగురికీ చోటున్న అరలోని ధరనే యంత్రం చూపుతుంది. కింది అరలో రెండే సీట్లుంటే వాటిని ఇద్దరికి ఇచ్చి మిగిలినవారికి పై ధర వేయదు. నలుగురికీ పై ధరే వేస్తుంది. నరసన్నపేటలో మేనకోడలి పెళ్లికి హైదరాబాదు నుంచి ఐదుగురం రావలసి వచ్చినప్పుడు ఐదుగురికి వెతికితే తలకు రూ. 5,600 చూపింది. ఒక్కరికి వెతికితే రూ. 4,300. ఇద్దరికీ అదే, ముగ్గురనేసరికి మళ్లీ రూ. 5,600. అంటే కింది అరలో మిగిలినవి రెండు. ఇద్దరికి ఒకటి, ముగ్గురికి ఒకటి చొప్పున రెండు బుకింగులు చేస్తే రూ. 2,600 మిగిలాయి.

దీనికి ప్రతిగా ఒక ఇబ్బంది లేకపోలేదు. రెండు పీఎన్‌ఆర్‌లు కనుక విమానం రద్దయితే లేదా వేళ మారితే సంస్థ వాటిని వేర్వేరు కుటుంబాలుగానే చూస్తుంది; ఒక జట్టును ఉదయం విమానంలోకి, రెండో జట్టును రాత్రి విమానంలోకి సర్దవచ్చు. అందువల్ల పిల్లలను, ఒంటరిగా ప్రయాణించలేని పెద్దవారిని తోడుగా వచ్చేవారి పీఎన్‌ఆర్‌లోనే ఉంచాలి. తలకు రూ. 200, 300 తేడా కోసం నేనైతే విడగొట్టను.

చవక టికెట్టా, మార్చుకోగల టికెట్టా

ఇప్పుడు దాదాపు ప్రతి సంస్థా ఒకే విమానానికి రెండు మూడు రకాల టికెట్లు చూపుతోంది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో ఎక్స్‌ప్రెస్ లైట్ అనేది చెక్ఇన్ సామాను లేని టికెట్టు. ఇండిగోలో సేవర్, ఫ్లెక్సీ ప్లస్ అని, ఎయిర్ ఇండియాలో వాల్యూ, క్లాసిక్, ఫ్లెక్స్ అని పేర్లున్నాయి. ఈ పేర్లను ఫేర్ క్లాసు అక్షరాలతో కలిపేసుకోకూడదు. అక్షరం ఆ రోజు ఏ అర తెరిచి ఉందో చెబుతుంది; పేరు ఆ ధరతో పాటు సామాను, మార్పు, రద్దు విషయంలో ఏమేం వస్తాయో చెబుతుంది.

ఎంపిక లెక్క కష్టమైనది కాదు. చవక టికెట్టు రూ. 4,200, రద్దు చేస్తే రూ. 3,500 కోత అనుకుందాం. మార్చుకోగల టికెట్టు రూ. 5,100, కోత రూ. 500 అనుకుందాం. ప్రయాణం జరిగితే అదనంగా పోయేది రూ. 900, రద్దయితే మిగిలేది రూ. 3,000. ప్రయాణం రద్దయ్యే అవకాశం సుమారు నూటికి 23 పాళ్లు దాటితేనే (900ను 3,900తో భాగిస్తే వచ్చేది అదే) ఖరీదైన టికెట్టు గిట్టుబాటు. పెళ్లి ముహూర్తం, పరీక్ష, వీసా ముద్ర పడిన గల్ఫ్ ప్రయాణం వంటి గట్టి తేదీలకు చవక టికెట్టే మేలు. సెలవు మంజూరు కాని జవానుకు, ఆసుపత్రిలో ఎప్పుడు డిశ్చార్జి చేస్తారో తెలియని రోగి వెంట వెళ్లేవారికి రెండోదే మేలు. ఒక సంగతి మాత్రం మరిచిపోరాదు: తేదీ మార్పుకు రుసుము లేకపోయినా ధరలో తేడా మనమే కట్టాలి. ఈరోజు కింది అరలో కొన్న టికెట్టును ప్రయాణానికి ముందురోజు మారిస్తే, ఆ రోజు తెరిచి ఉన్న పై అర ధరతోనే లెక్క వేస్తారు.

ఎంత చవక టికెట్టుకైనా పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనలు కొంత రక్ష ఇస్తాయి. రద్దు రుసుము మూల ధర, ఇంధన రుసుము కలిపిన మొత్తాన్ని మించరాదు. విమానాశ్రయ రుసుములు, పన్నులు ఏ టికెట్టు మీదనైనా తిరిగి ఇవ్వాలి. దేశీయ ప్రయాణానికి కనీసం ఏడు రోజుల వ్యవధి ఉండి, సంస్థ సొంత వెబ్‌సైటులోనే కొంటే, కొన్నాక కనీసం 24 గంటల వరకు రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు. మధ్యవర్తి సైటులో రూ. 150 తగ్గింపు చూసి అక్కడ కొనేవారు ఈ వెసులుబాటును వదులుకుంటున్నామని గమనించాలి. ఒకసారి అటువంటి సైటు ఒకటి నాకు రావలసిన సొమ్మును తన ‘వాలెట్’లో వేసి, ఏడాదిలోగా వాడుకోమంది. అప్పటినుంచి నేను నేరుగానే కొంటున్నాను.

సామాను లెక్క ధర కన్నా ముందు చూడాలి. దేశీయ టికెట్లలో సాధారణంగా చెక్ఇన్‌కు 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు. కొత్త బియ్యం, పచ్చళ్లు, జీడిపప్పు మూటలతో తిరిగివెళ్లే మనవాళ్లకు 15 కిలోలు చాలవన్నది అందరి ఇళ్లలోనూ తెలిసిందే. అదనపు కిలోలను ముందుగా కొనడం, విమానాశ్రయం కౌంటరులో కట్టడం కన్నా చవక. విద్యార్థి టికెట్లలో కొన్ని సంస్థలు 10 కిలోలు అదనంగా ఇస్తాయి. సైనికుల తగ్గింపు ధర కూడా చాలా సంస్థల్లో ఉంది. అయితే ఇవి ఎప్పుడూ అన్నిటికన్నా చవకేనని నమ్మి కొనరాదు. అమ్మకాల తగ్గింపు నడిచే రోజుల్లో మామూలు ధరే తక్కువగా ఉండవచ్చు. గుర్తింపు కార్డు వెంట లేకపోతే ఈ టికెట్లతో విమానాశ్రయంలో చిక్కే.

ఎక్కడ ఎక్కాలి, ఎలా కలపాలి

విజయనగరం, శ్రీకాకుళం వారికి ఇన్నాళ్లూ ఆలోచించవలసిన పని లేకపోయింది, విశాఖే. అది నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా ఆవరణలో నడిచే విమానాశ్రయం కనుక పౌర విమానాలకు దొరికే వేళలకు పరిమితి ఉంటూ వచ్చింది. విమానాలు పెరిగితేనే కింది అరలు పెరుగుతాయి. అల్లూరి సీతారామరాజు పేరిట భోగాపురంలో కట్టిన విమానాశ్రయం వల్ల మన జిల్లాలకు దారి దగ్గరవడం ఒక లాభం, పోటీ పెరగడం దానికన్నా పెద్ద లాభం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వారు మాత్రం ప్రతిసారీ భువనేశ్వర్ ధరను కూడా చూడాలి. పోల్చేటప్పుడు టికెట్టు ధరకు కారు అద్దె, రైలు ఛార్జీ, రాత్రి బస ఖర్చు కలిపి చూడాలి, రూ. 800 తక్కువని టికెట్టు కొని కారుకు రూ. 2,000 ఎక్కువ కట్టినవారు నాకు తెలుసు.

గల్ఫ్ ప్రయాణంలో మరో చిక్కు ఉంది. సంస్థలు సీటును మొదటి ఊరు, చివరి ఊరు చూసి అమ్ముతాయి. అందువల్ల విశాఖ నుంచి హైదరాబాదు మీదుగా దుబాయి టికెట్టు, ఉత్త హైదరాబాదు–దుబాయి టికెట్టు కన్నా ఒక్కోసారి చవకగా దొరుకుతుంది. అది చూసి, హైదరాబాదు వరకు రైలులో వెళ్లి అక్కడినుంచి విమానం ఎక్కుదామనుకుంటే కొంప మునుగుతుంది. మొదటి దశ ఎక్కకపోతే మిగిలిన దశలన్నీ రద్దవుతాయి, తిరుగు ప్రయాణంతో సహా. రెండు వేర్వేరు టికెట్లు కొనేవారికి వేరే ప్రమాదం: మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. వెంట 30 కిలోల సామాను, చేతిలో పని ఒప్పందం ఉన్నవాడు ఆ సాహసం చేయరాదు. ఒకే పీఎన్‌ఆర్ మీద చివరి ఊరి వరకు కొనడమే మంచిది.

మన ఊళ్లలో ఏజెంట్లు ‘గ్రూపు సీట్లు’ అని అమ్మేవి మరో రకం. ఏజెంట్లు ముందుగానే కొన్ని సీట్లను ఒకే ధరకు మూకుమ్మడిగా కొని పెట్టుకుంటారు. ప్రయాణం దగ్గరపడి బయట పై అర ధర నడుస్తున్నప్పుడు వీరి దగ్గర తక్కువకు దొరుకుతాయి. ఆకస్మికంగా బయలుదేరవలసి వస్తే, చావు కబురు అందినప్పుడు ముఖ్యంగా, ఒక ఫోను చేసి అడగడంలో తప్పులేదు. కాని వాటిలో రద్దు చేస్తే చాలాసార్లు చేతికి ఏమీ రాదు, పేరు మార్పుకు గడువు ముందే ముగుస్తుంది. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతో పేరును సరిచూసి, పీఎన్‌ఆర్‌ను సంస్థ వెబ్‌సైటులో స్వయంగా తెరిచి, అందులో సామాను ఎన్ని కిలోలో చదివాకే డబ్బు చేతికివ్వాలి.